తీగ కొసన దుబాసీ

మణికొండలో డ్రైవరు అనే మాట వినగానే ఎవరికైనా కారు తోలే మనిషే గుర్తుకు వస్తాడు. పొద్దున పుప్పాలగూడ రోడ్డు మీదా, ఖాజాగూడ వైపూ నిలిచిపోయే కార్ల బారు చూసినవారికి మరో అర్థం తోచడం కష్టమే. కాని ఆ కార్లలో కూర్చుని కచేరీలకు పోయే పిల్లల్లో కొందరికి డ్రైవరంటే వేరు. అది కంప్యూటరులో ఉండే ఒక చిన్న ప్రోగ్రాము. మా పై అంతస్తు కుర్రవాడు అవి రాసి జీతం తెచ్చుకుంటాడు. "ఏం పని చేస్తావు నాయనా?" అని అడిగితే "డ్రైవర్లు రాస్తానండి, మాస్టారూ" అన్నాడు. డ్రైవర్లను పెట్టుకోవడం విన్నాం గాని రాయడమేమిటని మా ఇంటావిడ విస్తుపోయింది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనక, ఈ పనికి మనకు ఇంతకంటె మంచి మాట ఉన్నదే అనిపించింది నాకు. దుబాసీ! కుంఫిణీ రోజుల్లో చెన్నపట్నంలో దొరకు తెలుగు రాదు, నేతగాడికి ఇంగ్లీషు రాదు. నడుమ రెండు భాషలూ తెలిసిన దుబాసీ ఉంటేనే బేరం సాగేది. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో అటువంటి కొలువు చేసినవారే. 1830లో కాశీకి బయలుదేరి, మన హైదరాబాదు మీదుగానే వెళ్ళి, దారి పొడుగునా చూసిన సంగతులు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాసి పంపారు. ఆ ఉత్తరాలే 1838లో పుస్తకంగా అచ్చయినవి. దుబాసీ పనీ, ఉత్తరాల ప్రయాణమూ రెండూ ఆయన జీవితంలోనే ఉన్నవి. మనకు కావలసినవీ ఆ రెండే.

కంప్యూటరులో దొర ఎవరంటే విండోసో, లినక్సో, ఏదో ఒక ఆపరేటింగ్ సిస్టం. నేతగాడు నెట్‌వర్కు కార్డు. వేలెడంత చిప్పు, దానికొక తీగ సందు. ఇటువంటి చిప్పులు చేసే కంపెనీలు ఎన్నో, ఒక్కొక్కదానిది ఒక్కొక్క యాస. ఒకడు తన చిప్పులో ఫలానా గడిలో 1 రాస్తే పని మొదలుపెడతానంటాడు, మరొకడికి ఆ గడి వేరే చోట ఉంటుంది. ఈ యాసలన్నీ దొర నేర్చుకోలేడు. అందుకని దుబాసీలందరూ దొరతో ఒకే తీరున మాట్లాడాలని కట్టుబాట్లు చేశారు. ఎన్‌డీఐఎస్ అనే కట్టుబాటును మైక్రోసాఫ్టు, త్రీకామ్ కంపెనీలు కలిసి ఏర్పరచినవి. మైక్రోసాఫ్టు 1998లో మన హైదరాబాదులో కాలు పెట్టింది. వై-ఫై చిప్పులు చేసే క్వాల్‌కామ్‌కూ ఇక్కడ పెద్ద కార్యాలయమే ఉంది. మణికొండ అపార్టుమెంట్లలో దుబాసీలను తయారుచేసేవారు కాపురముండడం ఆ విధంగా వింత కాదు.

ఇక ఉత్తరం సంగతి. వెనుక అంచె టపా అని ఉండేది. ఒక జవాను సంచీ భుజాన వేసుకుని తన అంచె దాకా పరుగెత్తి, అక్కడ కాచుకున్న రెండోవాడి చేతిలో పెట్టేవాడు. కాశీ ఎక్కడో మొదటివాడికి అక్కరలేదు. కంప్యూటరు భాషలో డేటా లింక్ అనేది ఈ ఒక్క అంచె. మీ ఇంటి కంప్యూటరు నుంచి గోడకున్న పెట్టె దాకా ఒకటి, పెట్టె నుంచి కంపెనీవాడి గది దాకా మరొకటి. అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపిన ఫొటో అట్లా అంచెలంచెలుగా పోతుంది. లోపలి ఉత్తరం మారదు. పై కవరు మాత్రం ప్రతి అంచెలోనూ చింపి కొత్తది వేస్తారు.

ఆ కవరును ఫ్రేము అంటారు. దాని మీద ముందు చేరవలసినవాడి గుర్తు, తరువాత పంపినవాడి గుర్తు ఉంటవి. ఒక్కొక్క గుర్తూ 48 బిట్లు; అందులో మొదటి సగం చిప్పు చేసిన కంపెనీకి కేటాయించిన సంఖ్య, అంటే ఇంటిపేరు వంటిది. తరువాత లోపలి సరుకు ఏ జాతిదో చెప్పే రెండు బైట్లు, ఆపైన సరుకు. సరుకు మామూలుగా 1500 బైట్లకు మించకూడదు. కొసన 32 బిట్ల లెక్క ఒకటి. సరుకుల పట్టీ అడుగున కోమటి వేసే మొత్తం వంటిదే. అందుకునేవాడు మళ్ళీ తానూ కూడి చూసుకుంటాడు. మొత్తం కలవకపోతే దారిలో ఏదో చెరిగిందన్నమాట.

పంపేటప్పుడు దొర ఉత్తరాన్ని జ్ఞాపకశాలలో, అంటే మెమరీలో ఒక చోట పెట్టి దుబాసీని పిలుస్తాడు. దుబాసీ ఉత్తరాన్ని మొయ్యడు. అది ఉన్న చోటు పేరు మాత్రం ఒక చిట్టాలో ఎక్కించి కార్డుకు గంట కొడతాడు. ఇంగ్లీషులోనూ దాన్ని వాకిలి గంట అనే అంటారు. కార్డు తానే వెళ్ళి తీసుకుని, కొసన లెక్క అంటించి, తీగ మీద వదులుతుంది. పంపించానని అది చెప్పేదాకా ఆ చోటు ఖాళీ చెయ్యకూడదు. తొందరపడి ఖాళీ చేస్తే, సగం ఉత్తరం తరువాత ఎవరిదో చాకలి పద్దు పోతుంది. దుబాసీలను రాసేవారికి రాత్రి నిద్ర లేకుండా చేసేవి ఇటువంటివేనట.

వచ్చేటప్పుడు కథ ఇంకా రసవత్తరం. దుబాసీ ముందుగానే ఖాళీ గిన్నెలు పంక్తిలో పరచి ఉంచుతాడు. పంక్తి గుండ్రంగా ఉంటుంది. చివరి గిన్నె తరువాత మళ్ళీ మొదటిదే. తీగ మీద ఏ కవరు వచ్చినా కార్డు గుర్తు చూస్తుంది. తనదైనా, అందరికీ వేసిన టముకైనా తీసుకుంటుంది, మరొకరిదైతే వదిలేస్తుంది. లెక్క కలిస్తే గిన్నెలో వడ్డించి దుబాసీని తట్టి లేపుతుంది. సెకనుకు లక్ష కవర్లు వచ్చినప్పుడు లక్షసార్లు లేపితే దొర వేరే పని చేసుకోలేడు. కాబట్టి తెలివిగల దుబాసీ మొదటిసారి లేవగానే "ఇక తట్టకు, నేనే చూసుకుంటాను" అని చెప్పి, ఉన్న గిన్నెలన్నీ ఒక్క ఊపున ఖాళీ చేసి, తరువాత మళ్ళీ కునుకుతాడు. ఆలస్యం చేశాడా, గిన్నెలు నిండి తరువాత వచ్చినవి నేలపాలు.

మరి లెక్క కలవని కవరు ఏమవుతుంది? తీగల నెట్‌వర్కులో దాన్ని పారవేస్తారు, అంతే. పంపినవాడికి కబురు లేదు, మళ్ళీ పంపమని అడగడం లేదు. కార్డు తన పద్దులో ఒక అంకె పెంచుతుంది. దుబాసీ ఆ అంకెను దొర పుస్తకంలో చూపుతాడు. చినిగిన ఉత్తరం లోపలికి చేరనివ్వకపోవడం వరకే ఈ అంచె బాధ్యత. పోయినదాన్ని కనిపెట్టి తిరిగి తెప్పించే పని పై అంతస్తులో టీసీపీ అనే గుమాస్తాది.

ఈ చిన్న సంగతి మీద ఒక ఉద్యోగం ఆధారపడడం మా అపార్టుమెంటులోనే చూశాను. రెండో అంతస్తులో ఒక అమ్మాయి కొత్తగా కొలువులో చేరి ఇంటి నుంచే పని చేస్తున్నది. ఆర్నెల్ల పరీక్షాకాలం ఇంకా తీరలేదు. రోజూ మీటింగులో ఆమె మాట తెగి తెగి వినిపిస్తున్నదట; పైఅధికారి రెండుసార్లు మెత్తగా హెచ్చరించాడు. తల్లి మా గుమ్మంలో నిలబడి, "మా బిడ్డ నౌకరి ఉంటదో పోతదో సమజయితలేదు సార్" అని కళ్ళు వత్తుకున్నది. డెబ్బై వేలు పెట్టి కొత్త కంప్యూటరు వాయిదాల మీద కొనడానికి సిద్ధపడ్డారు. తీగలో దోషముందని ఎవరికీ అనుమానం లేదు, ఎందుకంటే మెయిళ్ళు చక్కగా వస్తున్నవి.

పై అంతస్తు కుర్రవాణ్ణి పిలిచాను. అతడు కూర్చుని నెట్‌స్టాట్ హైఫన్ ఈ అని ఒక్క వరుస కొట్టాడు. అంకెల పట్టీ వచ్చింది. అందులో ఎర్రర్స్ అన్న చోట వేలల్లో ఉంది. "ఆంటీ, ఆ బాల్కనీ తలుపు ఒకసారి తెరిచి మూయండి" అన్నాడు. ఆమె మూసింది. మళ్ళీ కొడితే అంకె కొన్ని వందలు పెరిగింది! తీగ తలుపు సందులోంచి వచ్చి ఏడాదిగా నలుగుతున్నది. పైగా వేగం 1000 ఉండవలసిన చోట 100 అని ఉంది. వెయ్యికి తీగలోని నాలుగు జంటలూ బాగుండాలి, నూటికి రెండు చాలు. ఒక జంట తెగిపోతే కార్డు తనంతట తానే దిగి సర్దుకున్నది. మెయిలులో పోయిన కవర్లను గుమాస్తా తిరిగి తెప్పిస్తున్నాడు గనక ఎవరికీ లోటు కనబడలేదు. మాటకు ఆ వ్యవధి లేదు. అర సెకను ఆలస్యంగా వచ్చిన అక్షరం ఎవరికి కావాలి? కొత్త తీగ రెండు వందల రూపాయలకు దొరికింది. అమ్మాయి ఉద్యోగం ఖాయమై ఇప్పుడు మూడు నెలలు.

పద్దు అన్నాళ్ళూ అక్కడే ఉన్నది, దుబాసీ దాచలేదు, చూసినవారే లేరు. మీ ఇంట్లోనూ మాట తెగుతుంటే, కంప్యూటరుకు తీగ ఉన్నట్లయితే, కొత్తది కొనేముందు ఆ వరుస కొట్టి చూడండి. అంకె సున్నా అయితే దోషం ఈ అంచెది కాకపోవచ్చు.

తీగ లేకుండా వై-ఫై వాడేవారి దుబాసీ కష్టం ఎక్కువ. అక్కడ ప్రతి కవరుకూ అందినట్టు జవాబు రావాలి. రాకపోతే కార్డే మళ్ళీ పంపుతుంది. ఈ విద్య ఆకాశంలోనే పుట్టింది. 1971లో హవాయి దీవుల్లో నార్మన్ ఏబ్రమ్సన్ బృందం రేడియో మీద కంప్యూటర్లను కలిపి, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే తలా కొంతసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలన్నది. ఆ ఉపాయాన్ని మెరుగుపరచి రాబర్ట్ మెట్‌కాఫ్ 1973 మే 22న జెరాక్స్ కంపెనీలో ఒక చీటీ రాసి, ఒకే తీగ మీద కంప్యూటర్లన్నిటినీ కలిపే పద్ధతికి ఈథర్‌నెట్ అని పేరు పెట్టాడు. త్రీకామ్ స్థాపకుల్లో ఆయనా ఒకడు. ఈథర్ అంటే వెలుగును మోస్తుందని ఒకనాటి శాస్త్రజ్ఞులు నమ్మిన పదార్థం. శబ్దం ఆకాశ గుణమన్న మన తార్కికులు ఆ పేరుకు అభ్యంతరం చెప్పి ఉండరు.

ఇవాళ తీగల్లో ఆ గుద్దుకోవడాలు దాదాపు లేవు. నడుమ స్విచ్చి అనే పెట్టె ఎవరి దారి వారికి చూపుతుంది. మణికొండ గాలిలో మాత్రం అవి నిక్షేపంగా ఉన్నవి. 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీలో ఒకదానికొకటి తగలని దారులు మూడే. మొన్న రాత్రి తొమ్మిదింటికి మా హాల్లో జాబితా తీస్తే ముప్ఫై రెండు ఇళ్ళ పేర్లు వచ్చినవి. ఒకటి "అడగవద్దు" అని ఉంది.