దువ్వెన చేయించిన లెక్క

పుష్యమాసం వచ్చిందంటే మా సికిందరాబాదులో గాలి పొడిబారి పెదవులు పగులుతాయి. అలాంటి ఒక సాయంత్రం ఇంటరు చదివే మా అమ్మాయి తల దువ్వుకుని, ఆ ప్లాస్టిక్ దువ్వెనను కాగితం ముక్కల మీద పట్టింది. ముక్కలు ఎగిరి అంటుకున్నాయి.

"ఇంతవరకూ బాగానే ఉంది నాన్నా! లెక్క దగ్గరే మార్కులు పోతున్నాయి" అంది.

నేను తెలుగు ఎం.ఏ.ని. లెక్కలకు ఆమడ దూరం. "మీ మాస్టారిని అడుగమ్మా" అని ఎన్నిసార్లు తప్పించుకున్నానో! ఆ రోజు దాని కళ్ళలో నీళ్ళు చూశాక మనసొప్పలేదు. పుస్తకం తెరిచాను.

రుద్దితే గడ్డిపోచను లాగే ఒక గట్టిపడిన చెట్టుబంకను సంస్కృతంలో తృణమణి అన్నారు. పారసీకులు కాహ్‌రుబా, అంటే గడ్డిదొంగ అన్నారు. గ్రీకులు ఎలెక్ట్రాన్ అన్నారు. ఎలక్ట్రిసిటీ అన్న మాట అందులోనుంచి పుట్టిందే. పేర్లు పెట్టినవారు ఇందరున్నా, ఆ బలాన్ని కొలిచి నియమం చెప్పి పేరు పొందినవాడు ఫ్రెంచి ఇంజనీరు కూలుంబ్. సన్నని తీగకు కడ్డీని వేలాడదీసి, తీగ ఎంత మెలిపడిందో చూసి, 1785లో లెక్క తేల్చాడు.

ఆ లెక్క ఇది: రెండు ఆవేశాలను హెచ్చవేసి, దూరం వర్గంతో భాగించి, 900 కోట్లతో గుణించాలి. ఆవేశాలు కూలుంబులలో, దూరం మీటర్లలో ఉండాలి. బలం న్యూటన్లలో వస్తుంది.

మా అమ్మాయి లెక్కలో ధన ఆవేశం 2 మైక్రోకూలుంబులు, ఋణ ఆవేశం 3, దూరం 30 సెంటీమీటర్లు. మైక్రో అంటే పదిలక్షలో వంతు. పైన 0.054 వచ్చింది. అది 30 వర్గమని 900తో భాగించింది! 30 సెంటీమీటర్లంటే 0.3 మీటరు, దాని వర్గం 0.09. అప్పుడు జవాబు 0.6 న్యూటను, సుమారు 60 గ్రాముల బరువంత. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతే: 0.15.

"మరి మైనస్ గుర్తో?"

ఇక్కడ నా తెలుగు అక్కరకొచ్చింది. "అప్పిచ్చేవాళ్ళిద్దరికి పొసగదు. అప్పడిగేవాళ్ళిద్దరికీ అంతే. ధనవంతుడూ ఋణగ్రస్తుడూ మాత్రం ఒకరినొకరు వెతుక్కుంటారు. గుర్తు చెప్పేది లాగటమా, తోయటమా అన్నదే. ముందు గుర్తులు వదిలి బలమెంతో కట్టు."

అది నవ్వి, "కాగితానికి ఆవేశం లేదుగా, ఎందుకు అంటుకుంది?" అని నిలదీసింది. ఇద్దరం కూర్చుని ఆలోచించాం. దువ్వెన దగ్గరకు రాగానే కాగితంలో ఇటువైపు విజాతి ఆవేశం, అటువైపు సజాతి ఆవేశం తేలతాయి. రెండూ సమానమే. కాని విజాతిది దగ్గర, సజాతిది దూరం. దగ్గరివాడి బలమే నెగ్గుతుంది!

ఒక్కొక్క కూలుంబు ఆవేశాన్ని మా రైల్వేస్టేషను ముందొకటి, కిలోమీటరు అవతల మరొకటి పెట్టామనుకోండి. వాటి మధ్య బలం 9,000 న్యూటన్లు, అంటే తొమ్మిది క్వింటాళ్ళ బరువు పైమాటే. ప్రతి వస్తువులోనూ ధనమూ ఋణమూ దాదాపు సరితూగి ఉండబట్టి మనం నిశ్చింతగా తిరుగుతున్నాం.

మర్నాడు అమ్మాయి పక్కలెక్క తానే చేసి, దిద్దమని నా చేతికిచ్చింది. ఇన్నేళ్ళుగా సంధులూ సమాసాలే దిద్దిన నా ఎర్రసిరా, మొదటిసారి ఒక అంకె పక్కన ఒప్పు పెట్టింది.