గ్రాండ్ టూర్‌కి ముందు ఎవరు గెలుస్తారో చెప్పగలమా? నా అంచనా బోల్తా పడిన కథ

మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, టూర్ డి ఫ్రాన్స్ స్టార్ట్ అవుతోంది కదా, పక్కాగా ఎవరు గెలుస్తారో చెప్పు, కొంచెం డబ్బులు పెడతా" అని. తమ్ముడూ, ఈ ఆటలో పక్కా అనే మాటే లేదు. ఎందుకు లేదో, అయినా రేసుకి ముందు ఏమేం చూసి అంచనా వేయొచ్చో ఈరోజు మాట్లాడుకుందాం. 2024లో నేను ఎలా తప్పులో కాలేశానో కూడా దాచకుండా చెప్తాను.

కొత్తగా చూసేవాళ్ల కోసం ముందు బేసిక్స్. గ్రాండ్ టూర్లు మూడు. మే నెలలో ఇటలీలో జిరో, జులైలో ఫ్రాన్స్‌లో టూర్, ఆ తర్వాత స్పెయిన్‌లో వుయెల్టా. ఒక్కోటి మూడు వారాలు, 21 స్టేజ్‌లు. టీమ్‌కి ఎనిమిది మంది. అన్ని రోజుల టైమ్ కలిపితే ఎవరిది తక్కువో వాళ్లే విన్నర్. అంటే ఇరవై రోజులు బాగా తొక్కి, ఒక్కరోజు కాళ్లు మొరాయించినా అంతా పోయినట్టే.

మొదట చూడాల్సింది రూట్. కొండలు ఎక్కడున్నాయి, టైమ్ ట్రయల్ ఎన్ని కిలోమీటర్లు, అది ఎప్పుడు వస్తుంది? టైమ్ ట్రయల్ అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడటం. 2024లో పారిస్‌లో ఒలింపిక్స్ ఉండటంతో టూర్ పారిస్‌లో ముగియలేదు. మొనాకో నుంచి నీస్‌కి టైమ్ ట్రయల్‌తో ముగిసింది. అలాంటి రూట్‌లో కొండలు మాత్రమే ఎక్కగలిగేవాడికి చివరి రోజు దాకా టెన్షనే.

రెండోది ఫామ్. టూర్‌కి ముందు జూన్‌లో వారం రోజుల రేసు ఒకటి జరుగుతుంది, 2025 దాకా దాని పేరు డోఫినే. 2023లో అది గెలిచిన వింగెగార్డ్ టూర్ కూడా గెలిచాడు. అయితే ఇదే ఫార్ములా అనుకోవద్దు. 2024లో డోఫినేని రోగ్లిచ్ 8 సెకన్ల తేడాతో గెలిచాడు. టూర్‌లో 12వ స్టేజ్‌లో పడిపోయి, మర్నాడు స్టార్ట్ కూడా చేయలేదు. కాబట్టి రిజల్ట్ ఒక్కటే చూడకండి. ఆ రైడర్ ఎత్తైన కొండల్లో ట్రైనింగ్ క్యాంప్ చేసి నేరుగా వచ్చాడా? వస్తే కాళ్లు ఇంకా బరువుగా ఉండొచ్చు. ఇంకొకటి, కేజీకి ఎన్ని వాట్లు అనే లెక్క. 60 కేజీల మనిషి 360 వాట్లు తొక్కితే కేజీకి 6 వాట్లు. కానీ బయట కనిపించే నంబర్లు చాలావరకు కొండ ఎక్కిన టైమ్‌ని బట్టి వేసినవే. వెనక నుంచి గాలి తోస్తే ఆ లెక్క మారిపోతుంది.

ఇక నా కథ. 2024 టూర్‌కి ముందు నేను రెండు మాటలు గట్టిగా చెప్పాను. ఒకటి, పొగాచర్ మేలో జిరో తొక్కాడు కాబట్టి మూడో వారంలో అలసిపోతాడు. 1998లో పంతాని తర్వాత ఒకే ఏడాది ఆ రెండూ ఎవరూ గెలవలేదు కదా అని నా ధీమా. రెండు, వింగెగార్డ్ ఏప్రిల్‌లో ఘోరంగా పడ్డాడు, కాలర్ బోన్, పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తికి దెబ్బ తగిలింది. ఇతను అసలు పోటీలోనే ఉండడు.

ఏమైంది? వింగెగార్డ్ 11వ స్టేజ్‌లో పొగాచర్‌నే స్ప్రింట్‌లో ఓడించాడు, మొత్తం మీద రెండో స్థానంలో నిలిచాడు. మూడో వారంలో అలసిపోతాడన్న పొగాచర్ చివరి మూడు స్టేజ్‌లూ వరసగా గెలిచి, 6 నిమిషాల 17 సెకన్ల తేడాతో టూర్ కొట్టాడు. నా మొహం చెల్లలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత కూర్చుని చూసుకున్నా. "26 ఏళ్లుగా ఎవరూ చేయలేదు" అన్నదాన్ని రూల్‌లాగా తీసుకున్నాను. కానీ ఆ మధ్యలో సీరియస్‌గా ట్రై చేసినవాళ్లే కొద్దిమంది. పైగా పొగాచర్ జిరోని 9 నిమిషాల 56 సెకన్ల తేడాతో గెలిచాడు. అంత తేడా ఉన్నవాడికి ప్రాణం పెట్టి తొక్కాల్సిన రోజులు తక్కువ. జిరో ముగిశాక టూర్‌కి దాదాపు ఐదు వారాల గ్యాప్ ఉంది. ఇవన్నీ రేసుకి ముందే నా కళ్ల ముందున్నాయి. నేనే చూడలేదు.

మూడోది టాక్టిక్స్. 2025 జిరో 20వ స్టేజ్ గుర్తుందా? ఫినెస్ట్రే కొండ. డెల్ తోరో లీడ్‌లో ఉన్నాడు, కరపాజ్ రెండు, సైమన్ యేట్స్ 1 నిమిషం 21 సెకన్లు వెనక మూడో స్థానంలో. యేట్స్ ఎటాక్ చేస్తే ముందున్న ఇద్దరూ నువ్వు పట్టుకో అంటే నువ్వు పట్టుకో అని ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. యేట్స్ టీమ్‌మేట్ వాన్ ఆర్ట్ అప్పటికే బ్రేక్‌అవే‌తో ముందు వెళ్లి ఉన్నాడు. కొండ దిగాక యేట్స్ కోసం ఆగి, గాలికి అడ్డంగా నిలబడి లాగాడు. 2018లో పింక్ జెర్సీ పోగొట్టుకున్న అదే కొండ మీద యేట్స్ జిరో గెలుచుకున్నాడు. అందుకే లీడర్ పేరుతో ఆగిపోకండి, మిగతా ఏడుగురి పేర్లూ చదవండి. ముందుగా వెళ్లి ఎదురుచూడగలిగే బలమైన మనిషి ఎవరున్నారు?

ఇప్పుడు నేను చేసేది ఇదీ. రేసుకి ముందు మూడు పేర్లు ఫోన్‌లో రాసుకుంటా. ఒక్కో పేరు పక్కన, ఏం జరిగితే నా అంచనా తప్పుతుందో కూడా రాస్తా. అది రాయలేకపోతే నాకున్నది అంచనా కాదు, అభిమానం.

డబ్బులు పెడతానన్న తమ్ముడికి చివరి మాట. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్ బెట్టింగ్ చట్టప్రకారం నేరం. అది పక్కన పెట్టినా, ఏళ్లుగా ఈ రేసులు చూస్తున్న నేనే 2024లో రెండుకి రెండూ తప్పు చెప్పాను. స్టేజ్‌లు మన టైమ్‌లో రాత్రి తొమ్మిది ప్రాంతంలో ముగుస్తాయి. అన్నం తింటూ చూడు, నీ మూడు పేర్లు రాసుకో, తప్పితే నవ్వుకో. జేబు మాత్రం తెరవకు.