మూడో స్పర్శ మనది

వాలీబాల్‌లో ఒక నియమముంది. బ్లాకును మినహాయిస్తే, ఒకే ఆటగాడు బంతిని వెంటవెంటనే రెండుసార్లు తాకరాదు. జట్టంతా కలిసి మూడు స్పర్శల్లోనే దాన్ని వల దాటించాలి. ఎంతటి ఆటగాడైనా బంతిని తన దగ్గరే ఉంచుకోలేడు. ఇటీవల ప్రభువునందు నిద్రించిన మా మిత్రుణ్ణి తలచుకున్నప్పుడల్లా మాకు ఈ నియమమే గుర్తొస్తోంది.

గుంటూరు, మాచర్ల, బీబీనగర్ రైలు దారులు కలిసే జంక్షన్ మా నడికుడి. ఎండ తగ్గి వల కడితే చాలు, పొలం నుంచి వచ్చినవాళ్లు, క్వారీ నుంచి వచ్చినవాళ్లు ఆటలోకి దిగేవారు. మా మిత్రుడు వల పక్కన నిలబడి బంతి లేపేవాడు. స్మాష్ కొట్టిన మాకు చప్పట్లు పడేవి. దాన్ని వేళ్ల కొనలతో మా చేతి ఎత్తుకు అందించిన అతని పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. అందుకు అతడు ఏనాడూ నొచ్చుకోలేదు. పైగా గురి తప్పిన కుర్రవాడికే తర్వాతి బంతీ అందించేవాడు.

ఆటలు లోకసంబంధమైనవని కొందరు పెద్దలంటారు. కానీ ఈ ఆట పుట్టింది క్రైస్తవ యువజన సంఘంలోనే! 1844లో లండన్‌లో జార్జి విలియమ్స్ ప్రారంభించిన వై.ఎం.సి.ఎ.కు అమెరికాలోని హోల్యోక్‌లో ఉన్న శాఖలో, 1895లో విలియం మోర్గన్ దీన్ని రూపొందించాడు. బాస్కెట్‌బాల్ శ్రమను తట్టుకోలేని నడివయస్కులను పక్కన కూర్చోబెట్టకూడదన్నదే ఆయన ఉద్దేశం. బలహీనులకు చోటివ్వడం సువార్తకు దూరమైన పని కాదు కదా!

కేరళ బిడ్డ జిమ్మీ జార్జ్ పేరు వాలీబాల్ అభిమానులు మరువలేరు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన మన జట్టులో ఆయన ఆడాడు. పి.వి. సింధు తండ్రి రమణ కూడా ఆ జట్టువాడే. మరుసటి ఏడాది నవంబరు 30న ఇటలీలో కారు ప్రమాదం జిమ్మీని 32 ఏళ్లకే తీసుకుపోయింది. తిరువనంతపురంలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. మా మిత్రుని పేరిట స్టేడియం లేదు, పతకమూ లేదు. కానీ జిమ్మీ అంతటివాడు గాలిలోకి ఎగిరినా ముందు ఎవరో ఒకరు బంతి లేపాల్సిందే. శరీరంలో ఘనత తక్కువగా కనిపించే అవయవాలకే దేవుడు ఎక్కువ ఘనత ఇచ్చాడని పౌలు కొరింథీయులకు రాశాడు (1 కొరింథీ 12:24). దేవుని లెక్కలో బంతి లేపినవాడు మరుగున పడడు.

ఆదరణ కూడికలో మేమంతా పాడాం, ప్రార్థించాం, కన్నీళ్లు పెట్టుకున్నాం. అంతటితో మన పని అయిపోతుందా? అతని భార్యా పిల్లలూ ఆ ఇంట్లోనే ఉన్నారు. కష్టంలో ఉన్న విధవరాలినీ తండ్రి లేని బిడ్డలనూ పరామర్శించడమే నిజమైన భక్తి అంటాడు యాకోబు (1:27). అందుకే ఆ పిల్లల చదువు బాధ్యతను మా జట్టువాళ్లం పంచుకున్నాం. ఇది దయ కాదు, మా వంతు ఆట.

ప్రియ సహోదరులారా, మీ సంఘంలోనూ ఇలాంటివారు ఉండే ఉంటారు. సండేస్కూలు నడిపినవారు, రోగుల ఇళ్లకు నడిచి వెళ్లినవారు, తెల్లవారకముందే మందిరం ఊడ్చినవారు. వారు లేపిన బంతి ఇంకా గాలిలోనే ఉంది. అది నేల తాకకముందే చెయ్యి చాపుదాం.