గంట ఒక్కటే, రెక్కలు ఏడు

ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు బదిలీపై వచ్చిన కొత్తలో, ఓ ఆదివారం ఇంటిల్లిపాదీ సెల్యులర్ జైలు చూడటానికి వెళ్లాం. నడిమి బురుజులో ఒకప్పుడు పెద్ద గంట ఉండేదని గైడు చెప్పగానే మా అబ్బాయి అడిగాడు: "నాన్నా, ఏ పాట వాయించేవారు?"

వాడి ప్రశ్నకు కారణం ఉంది. బెల్జియంలోని బ్రూజ్ పట్టణంలో గంటల బురుజు గురించి అంతకుముందే వీడియో చూశాడు. అక్కడ 47 గంటలున్నాయి. ఇలాంటి గంటల వరుసను కారిలాన్ అంటారు. కనీసం 23 గంటలుంటేనే ఆ పేరు. హార్మోనియం మెట్లలా వరుసగా ఉండే చెక్క పిడులను వాద్యకారుడు పిడికిళ్లతో నొక్కుతాడు. తీగలు లాగి, నాలుకలు గంటలను తాకుతాయి. ఊరంతా పాట వింటుంది.

ఇక్కడ గంట ఒక్కటే. పాట కోసం కాదు, ప్రమాద హెచ్చరిక కోసం.

1896లో మొదలైన జైలు నిర్మాణం 1906లో పూర్తయింది. బురుజు చుట్టూ సైకిల్ చక్రం ఆకుల్లా ఏడు రెక్కలు, ఒక్కొక్కటి మూడంతస్తులు. మొత్తం దాదాపు 700 గదులు, గదికొక ఖైదీ. ఒక రెక్క ముందుభాగం పక్క రెక్క వెనుకభాగాన్ని చూసేలా కట్టారు. కాబట్టి ఎదుటివాడి ముఖం కనిపించదు, సైగ చేసే వీలూ లేదు. గదిలో వెలుతురు వచ్చే గవాక్షం కూడా దాదాపు 10 అడుగుల ఎత్తున ఉంటుంది. బురుజు మీది కాపలావాడికి మాత్రం ఏడు రెక్కలూ అందుబాటులోనే. గంట మోగితే అందరికీ వినపడుతుంది. చూపును విడగొట్టిన ఆ కట్టడంలో, ఖైదీలందరికీ ఒకేసారి చేరగలిగింది శబ్దమే.

అండమాన్ శిక్ష అనుభవించినవారిలో మనవాళ్లూ ఉన్నారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర వారిలో ఒకరు. ఆయనే 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

ఎల్‌టీసీపై ఇటు వస్తే, బురుజు దగ్గర నిలబడి పిల్లలచేత రెక్కలు లెక్కపెట్టించండి. మూడే వస్తాయి. మిగతా నాలుగూ కాలక్రమంలో పోయాయి. ఆ ఆవరణలోనే 1963లో గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి వెలసింది.

మావాడికి అవన్నీ చెప్పాను. కాసేపు ఆగి అడిగాడు: "పక్క గదిలో ఎవరున్నారో తెలియకపోతే, గంట మోగినప్పుడు వాళ్లు ఎవరి కోసం భయపడేవాళ్లు నాన్నా?"

నా దగ్గర జవాబు లేదు.