పరపతికి పాయింట్ల లెక్క
అపరిచితుల మాటను ఎంతవరకు నమ్మవచ్చో అంకెల్లో చెప్పే పద్ధతి, దాని వెనుక గణితం, దాని పరిమితులు

ఒక విద్యార్థి రాసిన ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోతుంది. ఇంటర్నెట్‌లో వెతికితే అదే సమస్యకు ఐదు జవాబులు కనిపిస్తాయి. వాటిని రాసినవారు ఎవరో, ఏం చదువుకున్నారో, ఏ దేశంలో ఉంటారో తెలియదు. కొందరివి అసలు పేర్లు కూడా కావు. అయినా ఆ ఐదింటిలో దేన్ని నమ్మాలో వెంటనే తేల్చుకోవాలి. అప్పుడు సాయపడేవి రెండు అంకెలు. ఒకటి జవాబు పక్కన కనిపించే ఓట్ల సంఖ్య. రెండోది జవాబు రాసిన వ్యక్తి పేరు కింద ఉండే పాయింట్ల సంఖ్య.

ఊళ్లో ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలో ఏళ్ల తరబడి వాళ్లను చూసినవారికి తెలుస్తుంది. తెలుగులో దానికి ‘పరపతి’ అనే మాట ఉంది. మనిషికి ఉండే పలుకుబడికీ, ఆ పలుకుబడి మీద పుట్టే అప్పుకీ ఆ ఒక్క మాటే సరిపోతుంది. రైతులకు రుణాలిచ్చే సహకార పరపతి సంఘాల పేరులో ఉన్నది ఈ రెండో అర్థమే. ఆన్‌లైన్ చర్చా వేదికల్లో ముఖపరిచయాలు ఉండవు. అందుకే ఊరి జ్ఞాపకం చేసే పనిని అక్కడ పాయింట్ల ఖాతా చేస్తుంది.

ఖాతా ఎలా నడుస్తుంది?

2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ ప్రారంభించిన ‘స్టాక్ ఓవర్‌ఫ్లో’ ఈ పద్ధతికి బాగా తెలిసిన ఉదాహరణ. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగి, జవాబులు చెప్పుకొనే వేదిక ఇది. ఆ సంస్థ ఏటా నిర్వహించే సర్వేలో అమెరికా తర్వాత అత్యధికంగా పాల్గొన్న దేశం చాలా ఏళ్లపాటు మన దేశమే.

అక్కడ కొత్తగా చేరినవారి ఖాతా 1 పాయింటుతో మొదలవుతుంది. రాసిన జవాబుకు ఒక అనుకూల ఓటు పడితే 10 పాయింట్లు వస్తాయి. ప్రశ్న అడిగిన వ్యక్తి ఆ జవాబును అంగీకరిస్తే మరో 15 చేరతాయి. ప్రతికూల ఓటు పడితే 2 పోతాయి. ఇతరుల జవాబుకు ప్రతికూల ఓటు వేసేవారు కూడా తమ ఖాతాలోంచి 1 పాయింటు వదులుకోవాలి. కోపంతో ఎడాపెడా ఓట్లు వేయకుండా ఇదొక అడ్డుకట్ట. ఓట్ల ద్వారా రోజుకు 200 పాయింట్లకు మించి రావు. ఏదో ఒక జవాబు రాత్రికి రాత్రే ప్రచారంలోకి వచ్చినంత మాత్రాన రాసిన వ్యక్తి పెద్ద నిపుణుడిగా కనిపించకుండా ఈ పరిమితి ఆపుతుంది.

పాయింట్లు పెరిగేకొద్దీ అధికారాలు వస్తాయి. చాలాకాలం అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం అనుకూల ఓటు వేయాలంటే 15, ఇతరుల రాతల కింద వ్యాఖ్య రాయాలంటే 50, ప్రతికూల ఓటు వేయాలంటే 125 పాయింట్లు ఉండాలి. ఇతరుల రాతలను నేరుగా సవరించే హక్కు 2,000 దగ్గర వస్తుంది.

ఈ మెట్లు ఉండటానికి బలమైన కారణం ఉంది. ఆన్‌లైన్‌లో పేరు మార్చుకోవడానికి ఖర్చు కాదు. మోసం చేసి చెడ్డపేరు తెచ్చుకున్న వ్యక్తి ఆ పేరు వదిలేసి కొత్త పేరుతో మళ్లీ రావచ్చు. అలాంటి చోట కొత్తవారందరినీ కొంత తక్కువగా నమ్మడం తప్పనిసరి అవుతుందని ఎరిక్ ఫ్రీడ్‌మన్, పాల్ రెజ్నిక్ 2001లో ప్రచురించిన పరిశోధనలో గణితపరంగా చూపారు. అంటే ఎక్కడో ఎవరో చేసే మోసానికి నిజాయతీగా వచ్చే కొత్తవారు మూల్యం చెల్లిస్తారు. ‘కొత్తవాళ్లను పట్టించుకోరు’ అనే ఫిర్యాదుకు మూలం ఇక్కడుంది.

పరపతికి డబ్బు రూపంలో విలువ ఉంటుందా అన్నదీ పరీక్షించారు. రెజ్నిక్ బృందం ‘ఈబే’ వేలం వేదికలో ఒకే రకమైన పాత పోస్టుకార్డులను అమ్మించింది. కొన్నింటిని మంచిపేరున్న ఒక విక్రేత ఖాతా నుంచి, మరికొన్నింటిని అదే విక్రేత కొత్త పేర్లతో తెరిచిన ఖాతాల నుంచి అమ్మారు. పేరున్న ఖాతాకు కొనుగోలుదారులు సగటున 8.1 శాతం ఎక్కువ చెల్లించడానికి సిద్ధపడ్డారని 2006లో వెలువడిన ఫలితాలు తెలిపాయి.

మూడుకు మూడు గొప్పా, వందకు 95 గొప్పా?

ఓట్లు లెక్కపెట్టడం తేలిక. ఆ లెక్కతో జవాబులను వరుసలో పెట్టడమే చిక్కు. ఒక జవాబుకు 3 ఓట్లు పడ్డాయి, మూడూ అనుకూలమే. మరో దానికి 100 పడ్డాయి, వాటిలో 95 అనుకూలం. శాతం చూస్తే మొదటిదానికి 100, రెండోదానికి 95. కానీ ముగ్గురి మాటను వందమంది మాట కంటే పైన పెట్టడం సరికాదని ఎవరికైనా అనిపిస్తుంది.

ఈ చిక్కుకు విరుగుడు అమెరికా గణితవేత్త ఎడ్విన్ విల్సన్ 1927లో ఇచ్చిన సూత్రంలో ఉంది. ఇప్పటివరకు పడిన ఓట్లు ఒక చిన్న నమూనా మాత్రమే. అందరూ ఓటు వేసి ఉంటే అసలు శాతం ఎంత ఉండేదో దీన్నిబట్టి అంచనా వేయాలి. ఆ అంచనా ఒక్క అంకెగా కాకుండా ఒక పరిధిగా వస్తుంది. ఓట్లు తక్కువైతే పరిధి వెడల్పుగా, ఎక్కువైతే ఇరుకుగా ఉంటుంది. ఆ పరిధి అడుగు అంచును తీసుకుని జవాబులను వరుసలో పెడతారు. 95 శాతం విశ్వాస స్థాయితో లెక్కిస్తే మూడుకు మూడు వచ్చిన జవాబు అడుగు అంచు సుమారు 44 శాతం. వందకు 95 వచ్చినదానికి అది సుమారు 89 శాతం. రెండోదే పైకి వస్తుంది. ‘రెడిట్’ 2009 నుంచి వ్యాఖ్యలను ‘ఉత్తమం’ అనే వరుసలో పెట్టడానికి ఈ పద్ధతినే ఎంచుకుంది.

మొదటి ఓటు బరువు

విల్సన్ సూత్రం ఒక షరతు మీద నిలబడుతుంది. ఒకరి ఓటు మరొకరి ఓటును ప్రభావితం చేయకూడదు. ఆన్‌లైన్‌లో ఈ షరతు నిలవదు. ముందు పడిన ఓట్లు అందరికీ కనిపిస్తూనే ఉంటాయి.

ఈ ప్రభావం ఎంతో లెవ్ ముచ్నిక్, సినాన్ అరాల్, షాన్ టేలర్ కొలిచారు. వారి ప్రయోగం 2013లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది. ఒక వార్తల వేదికలో ఐదు నెలల్లో వచ్చిన 1,01,281 వ్యాఖ్యలను వారు యాదృచ్ఛికంగా విభజించారు. కొన్నింటికి పుట్టగానే ఒక అనుకూల ఓటు, కొన్నింటికి ఒక ప్రతికూల ఓటు వేశారు. మిగిలినవాటిని అలాగే వదిలేశారు. అనుకూల ఓటు అందుకున్న వ్యాఖ్యకు తర్వాత చూసిన మొదటి పాఠకుడు కూడా అనుకూల ఓటే వేసే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి ఆ వ్యాఖ్యల సగటు స్కోరు 25 శాతం ఎక్కువగా తేలింది. ప్రతికూల ఓటు ప్రభావం మాత్రం నిలవలేదు. అన్యాయంగా తగ్గినట్లు కనిపించినదాన్ని తర్వాతివారు పైకి లాగారు.

అంటే గుంపు అన్యాయమైన నిందను సరిదిద్దుతుంది కానీ అనర్హమైన పొగడ్తను సరిదిద్దదు. నలుగురు మిత్రులు కలిసి తొలి ఓట్లు వేసుకుంటే ఎందుకు లాభమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కొలతే లక్ష్యమైతే

ఒక కొలతను లక్ష్యంగా పెట్టుకుంటే అది మంచి కొలతగా మిగలదన్న సూత్రాన్ని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరుతో పిలుస్తారు. పాయింట్ల వేదికలకు ఈ అనుభవం త్వరగానే ఎదురైంది. 1997లో మొదలైన ‘స్లాష్‌డాట్’లో సభ్యుల మంచిపేరును ‘కర్మ’ అనే అంకెతో చూపేవారు. జనం దాన్ని వీడియో గేమ్ స్కోరులా పెంచుకోవడం మొదలుపెట్టడంతో అంకెను దాచి, ‘బాగుంది’, ‘చాలా బాగుంది’ వంటి మాటలతో సరిపెట్టారు.

స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఇచ్చే బ్యాడ్జీల మీద 2013లో వెలువడిన ఒక అధ్యయనం కూడా ఇలాంటి సంగతే చెప్పింది. బ్యాడ్జీ దగ్గరపడేకొద్దీ సభ్యులు ఆ పనిని ఎక్కువగా చేశారు. అది చేతికి వచ్చాక జోరు తగ్గింది.

ఏ పనికి ఎన్ని పాయింట్లన్నది కూడా ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయమే. స్టాక్ ఓవర్‌ఫ్లోలో చాలాకాలం జవాబుకు పడిన ఓటుకు 10, ప్రశ్నకు పడిన ఓటుకు 5 పాయింట్లు ఇచ్చేవారు. అక్కడ సగటు మహిళకు సగటు పురుషుడి పాయింట్లలో దాదాపు సగమే ఉన్నాయని 2019లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. పురుషులు జవాబులు ఎక్కువగా రాశారు, మహిళలు ప్రశ్నలు ఎక్కువగా అడిగారు. పాయింట్ల విధానాన్ని మార్చి లెక్కిస్తే ఈ తేడా సగానికి తగ్గుతుందని పరిశోధకులు చూపారు. అదే ఏడాది నవంబరులో ఆ వేదిక ప్రశ్నకు పడే ఓటు విలువను కూడా 10కి పెంచింది. మంచి ప్రశ్న కూడా జ్ఞానమేనని ఆలస్యంగానైనా ఒప్పుకున్నట్లయింది.

శ్రమ లేని జవాబులు

జవాబు రాయడానికి శ్రమ పడాలి, చదివి ఓటు వేయడానికి అంత శ్రమ అక్కర్లేదు. ఈ వ్యవస్థలన్నీ ఈ నమ్మకం మీదే కట్టినవి. 2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఆ నమ్మకం తలకిందులైంది. చూడటానికి చక్కగా ఉన్న జవాబును క్షణాల్లో పుట్టించవచ్చు. అది తప్పో ఒప్పో తేల్చడానికే సమయం పడుతుంది. కొద్ది రోజుల్లోనే అలాంటి జవాబులను స్టాక్ ఓవర్‌ఫ్లో నిషేధించాల్సి వచ్చింది.

పాయింట్లను చూసే పాఠకుడు మూడు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. ఆ అంకె వ్యక్తి గతం గురించి చెబుతుంది కానీ ఎదురుగా ఉన్న జవాబు గురించి కాదు. ఒక అంశంలో సంపాదించిన పాయింట్లు మరో అంశంలో నైపుణ్యానికి హామీ ఇవ్వవు. పదేళ్ల కిందటి జవాబుకు ఓట్లు పోగవుతూనే ఉంటాయి, ఈలోగా అందులోని విషయం పాతబడి ఉండవచ్చు. పరపతి చూసి అప్పు ఇచ్చేవారు కూడా కాగితాలు ఒకసారి చదివాకే సంతకం పెడతారు. జవాబును వాడుకునే ముందు ఒకసారి నడిపి చూడటం కూడా అలాంటిదే.