సంగీత చికిత్స – వృత్తిధర్మం

ఒక రసాయన పదార్థం ఔషధం అనిపించుకోవాలంటే అది ఏ వ్యాధికి, ఎంత మోతాదులో, ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి హాని కలిగిస్తుందో ముందుగా తేలాలి. ఈ లెక్కలతోనే కాలం గడిపే నావంటి రసాయన శాస్త్రజ్ఞునికి “దుష్ఫలితాలు బొత్తిగా లేని వైద్యం” అన్న మాట వినగానే అనుమానం కలుగుతుంది. నిజంగా పనిచేసే ప్రతిదానికీ ఎంతో కొంత హాని చేయగల శక్తి కూడా ఉంటుంది. సంగీతం ఇందుకు మినహాయింపు కాదు. డిమెన్షియాతో బాధపడే వృద్ధురాలు ఒక పాత పాట విని చిరునవ్వు నవ్వవచ్చు. అదే పాట గతించిన భర్తను గుర్తుకు తెచ్చి ఆమెను రోజంతా దుఃఖంలో ముంచనూ వచ్చు. ఆ రెండవ అవకాశాన్ని కూడా ముందే ఆలోచించి పాటను ఎన్నుకొనడం సంగీత చికిత్సకుల బాధ్యత.

అమెరికాలో ఈ వృత్తి రెండవ ప్రపంచ యుద్ధానంతరం, గాయపడిన సైనికులున్న ఆసుపత్రులలో రూపుదిద్దుకొంది. 1950లో జాతీయ సంఘం, 1983లో అర్హతలను నిర్ధారించే మండలి ఏర్పడ్డాయి. 1998లో రెండు సంఘాలు విలీనమై నేటి అమెరికన్ మ్యూజిక్ థెరపీ అసోసియేషన్ అయింది. పట్టభద్రులై, కనీసం 1200 గంటల ప్రత్యక్ష శిక్షణ పొంది, పరీక్షలో ఉత్తీర్ణులైనవారికే ధ్రువపత్రం లభిస్తుంది. వారికొక నియమావళి ఉంది: అర్హతకు మించిన పని చేపట్టరాదు, లేని ఫలితాలను ప్రకటించరాదు, రోగి రహస్యాన్ని కాపాడాలి. బ్రిటన్‌లో “మ్యూజిక్ థెరపిస్ట్” అనే పేరుకే చట్టరక్షణ ఉంది. నమోదు కానివారు ఆ పేరు పెట్టుకొనరాదు. అమెరికాలో 2011లో నెవాడా, నార్త్ డకోటా లైసెన్సు విధానానికి నాంది పలికినా, అది అన్ని రాష్ట్రాలకూ వ్యాపించలేదు. కనుక బోర్డు చూసి మురిసిపోక, ధ్రువపత్రం ఉన్నదా అని అడగడంలో మొగమాటం అనవసరం.

ఆటిజం ఉన్న బిడ్డల తల్లిదండ్రులు ఏ చిన్న ఆశ కనిపించినా దానివైపు పరుగెత్తడం సహజం. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధన వారు తప్పక తెలుసుకొనవలసినది. తొమ్మిది దేశాలలో నాలుగు నుండి ఏడేళ్ల వయసున్న 364 మంది పిల్లలను చీట్లు వేసినట్లు విభజించి, కొందరికి వారానికి ఒకసారి, కొందరికి మూడుసార్లు సంగీత చికిత్స ఇచ్చారు. మిగిలినవారికి మామూలు చికిత్స, తల్లిదండ్రులకు సలహాలు మాత్రమే. అయిదు నెలల తరువాత, ఎవరికి ఏమి జరిగిందో తెలియని పరీక్షకులు పిల్లలను పరిశీలించారు. సాంఘిక వర్తనకు సంబంధించిన ముఖ్య లక్షణాలలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు!

ఈ పరిశోధనకు సారథ్యం వహించినవారు సంగీత చికిత్సారంగానికి చెందినవారే. తమ వృత్తికి ప్రతికూలమైన ఫలితాన్ని దాచిపెట్టక లోకానికి వెల్లడించారు. నా దృష్టిలో ఆ వృత్తి మీద గౌరవం కలగడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు. తరువాత 2022లో 26 అధ్యయనాలను కలిపి సమీక్షించగా, మొత్తం మీద పిల్లల స్థితిలో కొంత మెరుగు ఉండవచ్చునని తేలింది; మాటా సంభాషణలలో మాత్రం చికిత్స ముగిసిన వెంటనే స్పష్టమైన ఆధారం దొరకలేదు. నిజాయితీగల చికిత్సకులు తల్లిదండ్రులకు ఈ రెండు సంగతులూ చెబుతారు. “ఆరు నెలల్లో మీ అబ్బాయి గలగలా మాట్లాడతాడు” అని హామీ ఇచ్చేవారి వద్దనుండి లేచి రావడమే మేలు.

త్యాగరాజస్వామి బిలహరి రాగంలో పాడి మృతుణ్ణి బ్రతికించారన్న ఐతిహ్యం మనకు తెలిసినదే. దానిని భక్తితో చెప్పుకొందాం. అయితే ఆ పేరు చెప్పి, ఫలానా రాగం మధుమేహానికి, ఫలానాది రక్తపోటుకు అని పట్టికలు అమ్మి, మాత్రలు మానివేయమని సలహా ఇవ్వడం ప్రాణాంతకం.

చివరిగా, ప్రవాసంలో మనకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. మన సమాజం చిన్నది. అమ్మాయికి వీణ నేర్పే గురువే, తగిన శిక్షణ పొంది, చికిత్సకురాలు కూడా కావచ్చు. ఆమె భర్త మీ సహోద్యోగి కావచ్చు. ఇటువంటి ద్వంద్వ సంబంధాల విషయంలో ఎంతో జాగ్రత్త అవసరం, ఎందుకంటే స్నేహం నిర్ణయాన్ని వక్రీకరిస్తుంది, గుట్టు బయటపడే ప్రమాదమూ ఉంటుంది. అందువల్లనే ఉగాది సభలో ఆవిడ మీ బిడ్డను ముందుగా పలకరించకపోతే చిన్నబుచ్చుకొనకండి. ఆ బిడ్డ తన వద్దకు చికిత్సకు వస్తున్నాడని పదిమందికీ తెలియనివ్వకపోవడం ఆవిడ విధి. “వాడు మీ దగ్గర ఎంత చక్కగా పాడుతున్నాడు, ఈసారి వేదిక మీద పాడించండి” అని మీరు కోరినా, ఆవిడ ముందు ఆ పిల్లవాణ్ణే అడుగుతుంది. వాడు తల అడ్డంగా ఊపితే ఆ పాట ఆవిడ గది దాటి బయటికి రాదు.