బరువు తగ్గించే ఆపరేషన్: అపోహలు, వాస్తవాలు

"ఒళ్లు తగ్గడానికి ఆపరేషన్ ఎందుకు? నోరు కట్టుకుంటే చాలదా?" ఊబకాయానికి శస్త్రచికిత్స గురించి చెప్పినప్పుడు రోగుల ఇంటివారి నుంచి మేము తరచుగా వినే మాట ఇది. ఇలాంటి మాటలకు జంకి కొందరు షుగరు, బి.పి. ముదిరే వరకు వైద్యానికి రారు. అందుకే కొన్ని అపోహలను ఇక్కడ వివరిస్తున్నాము.

అపోహ: తిండిపోతులే లావవుతారు.
వాస్తవం: ఊబకాయం దీర్ఘకాలిక వ్యాధి. తిండి, వ్యాయామ లోపంతో పాటు వంశపారంపర్యం, నిద్రలేమి, కొన్ని మందులు కూడా కారణాలే. బరువు తగ్గినప్పుడు శరీరం ఆకలిని పెంచుతుంది, శక్తి ఖర్చును తగ్గిస్తుంది. పట్టుదలతో తగ్గినవారు కూడా మళ్లీ లావు కావడానికి ఇది ముఖ్య కారణం.

అపోహ: ఇది అందం కోసం కొవ్వు తీసే ఆపరేషన్.
వాస్తవం: చర్మం కింది కొవ్వు తీసే లైపోసక్షన్ వేరు. ఇది జీర్ణకోశానికి చేసే చికిత్స. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు 75-80 శాతం తీసివేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా ఉంచుతారు. గ్రెలిన్ అనే ఆకలి హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే ఆకలి తగ్గుతుంది. చాలామందికి షుగరు కూడా అదుపులోకి వస్తుంది. అయినా డాక్టరు చెప్పకుండా షుగరు మందులు మానకూడదు.

అపోహ: లావుగా ఉన్నవారెవరైనా చేయించుకోవచ్చు.
వాస్తవం: కిలోలలో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బి.ఎం.ఐ. వస్తుంది. 1.60 మీటర్ల ఎత్తు, 90 కిలోల బరువు ఉంటే అది సుమారు 35. 2022లో సవరించిన అంతర్జాతీయ సూచనల ప్రకారం 35 నుంచి, ఆసియావాసులకు 27.5 నుంచే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. అయితే అంకె ఒక్కటే చాలదు. గుండె, థైరాయిడ్, మానసిక స్థితి, ఇతర జబ్బులు పరీక్షించాకే నిర్ణయిస్తారు. కొందరికి ఆహార నియమాలు, మందులే సరిపోతాయి.

అపోహ: ఆపరేషన్ అయ్యాక ఏమైనా తినవచ్చు.
వాస్తవం: మొదట ద్రవాహారం, తరువాత మెత్తని ఆహారం, ఆపైన కొద్దికొద్దిగా మామూలు భోజనం. పప్పు, గుడ్డు, పెరుగు వంటి మాంసకృత్తులకు మొదటి స్థానం. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్, రక్తపరీక్షలు జీవితాంతం అవసరం. స్త్రీలు 12-18 నెలలు గర్భం వాయిదా వేసుకోవాలి. రక్తస్రావం, కుట్ల దగ్గర లీకు, రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు అరుదే గాని లేకపోలేదు. వాటి గురించి ముందే డాక్టరును అడిగి తెలుసుకోండి.

షుగరుకు మాత్ర వేసుకునేవారిని మనం ఎగతాళి చేయము. ఊబకాయానికి వైద్యం కోరేవారిని కూడా అలాగే చూడాలి. మీ ఇంట్లో అటువంటివారుంటే నిందించకుండా, వారికి తోడుగా డాక్టరు దగ్గరకు రండి.